పొగకు దారి, వేడికి ఇల్లు

అయిదు వందల ఏళ్లుగా యూరప్ ఇళ్లను వెచ్చగా ఉంచిన పింగాణీ పలకల కట్టెల పొయ్యికి మళ్లీ ఆదరణ పెరుగుతోంది. దాని వెనకున్న తెలివి మన వంటిళ్లకు పరాయిది కాదు. 1953లో హైదరాబాద్‌లో ఒక ఇంజినీరు ఆ తెలివిలో సగాన్ని మట్టితో కట్టి దేశానికి చూపించారు. ఢిల్లీ చలికాలం ఆ కథను మళ్లీ గుర్తు చేస్తోంది.

జనవరి రాత్రి తొమ్మిదింటికి ఢిల్లీలోని లక్ష్మీ నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుంటే చలికన్నా ముందు వాసన తగులుతుంది. వికాస్ మార్గ్ మీద వాహనాల పొగ, తోపుడు బండి మీద నిప్పుల్లో కాలుతున్న చిలగడదుంపల కమ్మదనం, వాటి అడుగున గొంతులో గరగరమనే మరో ఘాటు. సీఏ కోచింగ్ సెంటర్లు వదిలే వేళ అది. మఫ్లర్లు చుట్టుకుని గదులకు వెళ్తున్న పిల్లల గుంపుల్లో గుంటూరు మాటా వినిపిస్తుంది, కరీంనగర్ మాటా వినిపిస్తుంది. గల్లీలోకి మలుపు తిరగ్గానే ఆ ఘాటు ఎక్కడిదో తెలిసింది. ఇటుక గోడ వారగా, మేస్త్రీలు సిమెంటు మోసే ఇనుప తట్టలో విరిగిన ప్లైవుడ్డు ముక్కలు, అట్టపెట్టెలు, ఎక్కడో ఏరుకొచ్చిన కొమ్మలు మండుతున్నాయి. చుట్టూ నలుగురు కాపలాదారులు.

“ఆయియే సర్‌జీ, హాథ్ సేంక్ లీజియే” అంటూ, చేతులు కాచుకోమని జరిగి చోటిచ్చారు. చేతులు చాపి కూర్చున్నాను. అయిదు నిమిషాల్లో ముఖం చురచురలాడింది, వీపు మాత్రం మంచులాగే ఉంది. గాలి తిరిగినప్పుడల్లా అందరం కళ్లు నులుముకుంటూ పక్కకు జరిగాం. ప్లైవుడ్డు అయిపోయింది. మంట పోయింది, దాంతోపాటే వెచ్చదనమూ పోయింది. తెల్లారడానికి ఇంకా ఎన్నో గంటలున్నాయి.

ఆ తట్ట దగ్గర రెండు కొరతలు ఒక్కసారే కనిపించాయి. పొగకు దారి లేదు. వేడికి ఇల్లు లేదు. మనిషి నిప్పును మచ్చిక చేసుకున్న నాటి నుంచి పొయ్యి చరిత్రంతా ఈ రెండింటి కోసం పడ్డ పాట్లే.

కుండ నుంచి పలక దాకా

జర్మన్ మాట్లాడే దేశాల్లో పలకల పొయ్యిని కాఖెలోఫెన్ అంటారు. అందులో ‘కాఖెల్’ అంటే ఇప్పుడు పలక. కానీ ఆ మాట పుట్టింది లాటిన్‌లో వంటకుండకు వాడిన పదం నుంచి. ఆల్ప్స్ పర్వతాల చుట్టుపక్కల మధ్యయుగాల్లో మట్టితో గుమ్మటంలా పొయ్యి కట్టి, ఆ మట్టి గోడలో కుమ్మరి చేసిన చిన్న కుండలను వరసగా పొదిగేవారు. కుండ గుంటల వల్ల గోడ ఉపరితల విస్తీర్ణం పెరుగుతుంది. కాల్చిన మట్టి వేడిని పట్టుకుని గదిలోకి మెల్లగా వదులుతుంది. పోను పోను ఆ కుండలు చదునై, చదరపు పలకలయ్యాయి. పలకల మీద గాజుపూత వచ్చింది, పూత మీద బొమ్మలు వచ్చాయి. కుమ్మరి చక్రం మీద పుట్టిన వస్తువు రాజమందిరాల్లోకి నడిచింది.

ఆస్ట్రియాలోని జాల్ట్‌స్‌బుర్గ్ కోటలో, బంగారు గది అని పిలిచే చోట, 1501 నాటి పలకల పొయ్యి నేటికీ ఉంది. పోలండ్‌లోని గ్దాన్‌స్క్ నగరంలో ఒకప్పుడు వర్తకులు సమావేశమైన భవనంలో 1546లో కట్టిన పొయ్యి దాదాపు 11 మీటర్ల ఎత్తు ఉంటుంది. అంటే మూడంతస్తుల మేడంత. దానికి 520 పలకలు పట్టాయి. వాటి మీద ఆనాటి రాజుల, రాణుల ముఖాలు కనిపిస్తాయి. పొయ్యి ఇంటికి వెచ్చదనం ఇచ్చింది, పనిలో పనిగా ఊరి చరిత్రనూ ఒంటి మీద మోసింది.

మలుపులు తిరిగే పొగ

అందం ఎంత ఉన్నా, ఆ పొయ్యిలు చాలాకాలం కట్టెలను మింగుతూనే ఉండేవి. వేడిలో ఎక్కువ భాగం పొగతో కలిసి నేరుగా గొట్టంలోంచి ఆకాశంలోకి పోయేది. పద్దెనిమిదో శతాబ్దంలో స్వీడన్‌కు ఈ సంగతి పెద్ద బెంగ అయింది. చలి ఎక్కువ, పైగా ఇనుము కరిగించే కొలుములకు అడవుల నుంచి బొగ్గు కావాలి. కట్టె కరవొస్తుందన్న భయంతో ప్రభుత్వం తక్కువ కట్టెతో ఎక్కువ వేడి ఇచ్చే పొయ్యిని రూపొందించమంది. 1767లో వాస్తుశిల్పి కార్ల్ యోహాన్ క్రోన్‌స్టెట్, ఆయనతోపాటు ఫాబియన్ వ్రేడె ఆ పని చేసి చూపారు.

వాళ్లు పట్టుకున్న కిటుకు వినడానికి చిన్నదే. పొగను తొందరగా పోనివ్వకూడదు. మంట గూడులోంచి పైకెక్కిన వేడి పొగ పొయ్యి గోడల లోపల కట్టిన గొట్టాల్లోంచి కిందికి దిగి, మళ్లీ పైకెక్కి, ఆ తర్వాతే బయటికి పోవాలి. దారి పొడవునా అది తన వేడిని ఇటుకకు, మట్టికి, పలకకు అప్పజెప్పాలి. బయటపడేసరికి పొగ దగ్గర ఇవ్వడానికి పెద్దగా ఏమీ మిగలకూడదు.

ఈ పొయ్యిని వాడే తీరు కూడా వేరు. రోజంతా కట్టె ఎగదోస్తూ కూర్చోనక్కర్లేదు. ఎండిన కట్టెలు ఒక్కసారే పేర్చి, గాలి బాగా ఆడనిచ్చి, గంట గంటన్నరపాటు జోరుగా మండిస్తారు. నిప్పులు పూర్తిగా చల్లారాక పొగగొట్టం అడ్డుపలకను మూసేస్తారు. నిప్పులుండగా మూస్తే ప్రాణం మీదికొస్తుంది. ఆ తర్వాత పని గోడలది. టన్ను దాటిన ఆ ఇటుక, మట్టి రాశి పది పన్నెండు గంటలపాటు వేడిని నెమ్మదిగా వదులుతూ ఉంటుంది. పలక మీద చెయ్యి పెడితే కాలదు. ఆరుబయట ఎండపొడ తగిలినంత హాయిగా ఉంటుంది.

పొగ అంటే నిజానికి కాలకుండా తప్పించుకుపోయిన కట్టె. తక్కువ గాలితో, నివురుగప్పి మగ్గే మంటలో అది ఎక్కువగా పుడుతుంది. మంట గూడు బాగా వేడెక్కి, గాలి సరిపడా అందితే ఆ పొగలో చాలా భాగం గూడులోనే కాలిపోతుంది. గోడ మధ్యలో తెరిచి ఉంచే మామూలు నిప్పుగూడు కట్టెలోని వేడిలో పదో వంతో, అంతకు కాస్త ఎక్కువో మాత్రమే గదికి ఇస్తుంది. బాగా కట్టిన పలకల పొయ్యి ముప్పాతిక వంతుకు మించి ఇస్తుంది. పొగకు దారి, వేడికి ఇల్లు రెండూ కుదిరిన కట్టడం ఇదే.

మళ్లీ ఎందుకు వచ్చింది?

ఇరవయ్యో శతాబ్దంలో నూనె, గ్యాసు, గొట్టాల్లో తిరిగే వేడినీళ్లు వచ్చాక పలకల పొయ్యిలు పాతబడ్డాయి. చాలా ఇళ్లలో విప్పేశారు. 1973లో, 1979లో చమురు ధరలు చుక్కలంటినప్పుడు జనానికి అవి మళ్లీ గుర్తొచ్చాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో గ్యాసు ధరలు మండినప్పుడు జర్మనీ వంటి దేశాల్లో కట్టె పొయ్యిల కోసం జనం మళ్లీ ఎగబడ్డారు.

ధర పెరిగితే కోరిక పుడుతుంది. పని తెలిసిన చెయ్యి మాత్రం అప్పటికప్పుడు పుట్టదు. అక్కడ ఆ చెయ్యి బతికే ఉంది. జర్మనీ, ఆస్ట్రియాల్లో పొయ్యి కట్టడం గురువు దగ్గర ఏళ్ల తరబడి నేర్చుకుని, పరీక్ష నెగ్గి చేసే వృత్తి. స్వీడన్‌లో పాత ఇంటి పొయ్యిని పలక పలకకూ నంబరు వేసి విప్పి, మరో ఇంట్లో అదే వరసలో తిరిగి నిలబెట్టే పనివాళ్లున్నారు. జర్మనీలో పొగగొట్టాలను లైసెన్సు ఉన్న శుభ్రకారులు క్రమం తప్పకుండా చూసి తుడవాలని చట్టమే ఉంది. వదిలే ధూళికి, వాయువులకు హద్దులు పెడుతూ 2010లో నిబంధనలు గట్టిపరిచారు. ఊళ్లలో కట్టె పొగ గాలిని పాడు చేస్తోందన్న వాదన అక్కడా బలంగానే ఉంది. పొయ్యిని తిరిగి తెచ్చుకున్నవాళ్లు దాని మసినీ లెక్కలోకి తీసుకోవాల్సి వచ్చింది.

దాలి గుంట, పొంత కుండ

ఇదంతా చదువుతున్నప్పుడు నాకు మా అమ్మమ్మ ఇంటి పెరడు గుర్తొచ్చింది. వంటింటి వెనక నేలలో దాలి గుంట ఉండేది. పొద్దున్నే అందులో పిడకలు పేర్చి అంటించి, పాలకుండ దించి, పైన మూత వేసేది. సాయంత్రానికి పాలు ఇటుక రంగు తిరిగి, చెయ్యి మందాన మీగడ కట్టేవి. నేల గుంటే ఆ వేడికి ఇల్లు. పక్కన వంట పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే, ఆ సెగ వృథా పోకుండా పొంత కుండలో నీళ్లు కాగుతూ ఉండేవి. కాస్త ఉన్నవాళ్ల ఇళ్లలో రాగి బాయిలర్ ఉండేది. నడుమ గొట్టంలో నిప్పులు, చుట్టూ నీళ్లు. పొగ పోయే దారినే నీళ్లు కాచుకునే ఏర్పాటు అది. టీ హోటళ్లలో రంపపు పొట్టును దట్టించి, మధ్యలో సన్నటి దారి వదిలి వెలిగించే పొట్టు పొయ్యి గంటల తరబడి నిలకడగా మండేది. ఇవి కట్టినవాళ్లకు పుస్తకాలు తెలియవు, సెగ నడక తెలుసు.

ఉత్తరాదికి వస్తే తందూరు ఉంది. మట్టి గోడను ముందు బాగా కాల్చి, ఆ గోడ దాచుకున్న వేడితో రొట్టెను కాల్చుకోవడమే తందూరు. కశ్మీర్ మసీదుల్లో రాతి పలకల నేల కింద కట్టెలు మండించి, ఆ నేలనే వెచ్చగా ఉంచే హమామ్‌లు ఉన్నాయి. లక్ష్మీ నగర్ నుంచి యమున దాటి వెళ్తే ఎర్రకోటలో షాజహాన్ నాటి హమామ్ ఉంది. పడమటి గోడలో నిప్పు ఏర్పాటు పెట్టి స్నానాల గదులకు వేడి అందించారు. వేడికి ఇల్లు కట్టడం ఈ దేశం ఎన్నడూ ఎరగని విద్య కాదు.

కానీ అమ్మమ్మ దగ్గు కూడా నాకు అంతే బాగా గుర్తుంది. ఊదుగొట్టం పట్టుకుని పొయ్యి ముందు వంగినప్పుడల్లా కళ్ల నీళ్లు కారేవి. గోడలు, దూలాలు, అటక మీది కుండలు మసిబారి నల్లగా ఉండేవి. దాలిలో మగ్గే పిడక రోజంతా పొగ విడుస్తూనే ఉండేది. మన పొయ్యిలో వేడికి ఇల్లుంది, పొగకు దారి లేదు. ఆ దారి ఆడవాళ్ల ఊపిరితిత్తుల మీదుగా పోయింది. ఇది అలంకారం కోసం రాసిన మాట కాదు. ఇళ్లలోని పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది అకాలమరణం పాలయ్యారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

హైదరాబాద్ పొయ్యి

పొగకు దారి వేయాలని గట్టిగా పూనుకున్న తొలివాళ్లలో హైదరాబాద్ మనిషి ఉండటం తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకోవాల్సిన సంగతి. 1947 నాటికే వార్ధాలోని మగన్‌వాడిలో గాంధేయవాదులు పొగ రాని పొయ్యి మీద పని చేశారు. దానికి మగన్ చూలా అని పేరు. ఆ తర్వాత హైదరాబాద్ ఇంజినీరింగ్ రీసెర్చ్ ల్యాబొరేటరీస్‌లో డాక్టర్ ఎస్.పి. రాజు చేపట్టిన పని 1953లో పుస్తకంగా వచ్చింది. ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ అనే ఆ పుస్తకాన్ని మద్రాసులో అచ్చు వేశారు. పొయ్యికి ల్యాబొరేటరీ పేరులోని పొడి అక్షరాలతో ‘హెర్ల్ చూలా’ అన్న పేరు స్థిరపడింది.

కట్టె పెట్టే నోరు ఒక్కటే. దాని మీద మొదటి గిన్నె. సెగ అక్కడ ఆగకుండా మట్టిలో తవ్విన సొరంగంలోంచి వరసగా మిగతా గిన్నెల కిందికి పోతుంది. చివరికి గోడ వెంట పైకెక్కే పొగగొట్టం, సెగను తగ్గించడానికీ పెంచడానికీ ఒక అడ్డుపలక. ఖరీదైన సామాను అక్కర్లేదు, మన పొయ్యిగడ్డ మట్టే చాలు. పొగ, మసి, వేడి సెగ, కట్టె వృథా, నిప్పు ప్రమాదం అనే అయిదు బాధల నుంచి ఇల్లాలికి విముక్తి దొరకాలన్నది రాజు ఆశ. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఆరేళ్లయిన రోజుల్లో, వంటిల్లు కూడా ఆ స్వాతంత్ర్యంలో భాగమేనని ఒక ఇంజినీరు అనుకోవడం చిన్న విషయం కాదు. స్వీడన్ పొయ్యికి, హైదరాబాద్ పొయ్యికి దాదాపు రెండు శతాబ్దాల దూరం ఉంది. అయినా ఆలోచన ఒకే ఇంటిది. పొగను పోయే ముందు పని చేయించుకుని పంపాలి.

కట్టినవి నిలవలేదు

ఆ తర్వాతి కథ మనసు కష్టపెడుతుంది. చండీగఢ్ దగ్గరి నాడా గ్రామంలో 1980 ప్రాంతంలో వాస్తుశిల్పి మధు సరీన్ ఊరి ఆడవాళ్లతో కలిసి నాడా చూలాను రూపొందించారు. బెంగళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ శాస్త్రవేత్తలు ‘అస్త్ర ఒలె’ అనే పొయ్యిని తయారు చేశారు. 1981లో గుజరాత్ గ్రామాల్లో పరిశోధకుడు కిర్క్ స్మిత్ బృందం వంటింటి పొగను కొలిచి, ఆడవాళ్లు పీల్చేది ఎంత విషమో లోకానికి లెక్కల్లో చూపించింది. 1983లో కేంద్రం జాతీయ మెరుగైన పొయ్యిల కార్యక్రమం మొదలుపెట్టింది. 2002లో దాన్ని ఆపేసేనాటికి మూడున్నర కోట్ల పొయ్యిలు పెట్టినట్టు కాగితాల మీద ఉంది.

ఆ పొయ్యిల్లో చాలా వాటిని ఇళ్లలో మెల్లగా వదిలేశారు. గొట్టం మసితో పూడుకుపోయింది, తుడిచేవాళ్లు లేరు. మట్టి పగిలింది, సొరంగం కొలతలు తెలిసిన చెయ్యి ఊళ్లో లేదు. ఇల్లాలు తనకు చేతనైనట్టు మెత్తింది, పొగ తిరిగి వంటింట్లోకే వచ్చింది. ఒడిశాలో 2,600 కుటుంబాలను కొన్నేళ్లపాటు గమనించిన ఆర్థికవేత్తలు రేమా హన్నా, ఎస్తేర్ డుఫ్లో, మైఖేల్ గ్రీన్‌స్టోన్‌ల అధ్యయనం ఇదే చెప్పింది. మొదటి ఏడాది పొగ తగ్గింది. తర్వాత ఆ మేలు కరిగిపోయింది. ఇళ్లవాళ్లు పొయ్యిని సరిగా వాడలేదు, బాగు చేయించుకోలేదు.

ఇక్కడే యూరప్ కథకూ మన కథకూ తేడా. పొయ్యిలు లెక్కపెట్టిన మనం పొయ్యి మేస్త్రీలను తయారు చేయలేదు. ఊరికి ఇద్దరు పనివాళ్లకు కొలతలు నేర్పి, ఏటా గొట్టం తుడవడానికి ఇంత కూలి అని రాసి ఉంటే, రాజు పొయ్యి ఇంకా ఎన్నో ఇళ్లలో నిలిచి ఉండేదని నా నమ్మకం.

ఈలోగా గ్యాసు వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్జ్వల. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దేశంలో 58.6 శాతం ఇళ్లు వంటకు శుభ్రమైన ఇంధనం వాడుతున్నాయి. ఇది నిజమైన విముక్తి. అమ్మమ్మ వయసు వాళ్లను మళ్లీ ఊదుగొట్టం పట్టమని ఎవరూ అడగకూడదు. కట్టె పొయ్యి ముచ్చట పేరుతో ఆ పొగను తిరిగి అందంగా చూపించడమూ తగదు. అయితే ఆ సర్వే నాటికి మిగతా 41.4 శాతం ఇళ్ల మాటేమిటి? సిలిండరు ఉన్నా ధర చూసి కట్టెకే తిరిగొచ్చేవాళ్ల మాటేమిటి? వందల మందికి కట్టెల మీదే వండే హాస్టళ్లు, మధ్యాహ్న భోజనం వండే బడులు, పెళ్లి వంటశాలల మాటేమిటి? రాజు విద్య ఇప్పటికీ కావాల్సింది అక్కడే.

లక్ష్మీ నగర్‌కు ఏం కావాలి?

ఢిల్లీకి పలకల పొయ్యి తెచ్చిపెట్టమని నేను అడగడం లేదు. ఈ నగరం గాలికి ఇంకో కట్టె భారమూ వద్దు. లక్ష్మీ నగర్ ఉన్న తూర్పు ఢిల్లీలోనే ఆనంద్ విహార్, వివేక్ విహార్ నగరంలోని తీవ్ర కాలుష్య కేంద్రాల జాబితాలో ఉన్నాయి. గాలి దిగజారినప్పుడు అమలు చేసే గ్రాప్ నియమాల కింద హోటళ్ల తందూరుల్లో బొగ్గు, కట్టె వాడకాన్ని ఆపేస్తారు. కాపలాదారులు చెత్త, కట్టెలు కాల్చుకోకుండా వాళ్లకు కరెంటు హీటర్లు ఇవ్వాలని నివాసుల సంఘాలకూ చెబుతారు. ఆ మాట కాగితం దాటి గల్లీలోకి రావాలి. ఏటా చలికాలంలో మూసిన గదిలో బొగ్గుల కుంపటి (అంగీఠీ) పెట్టుకుని నిద్రపోయి, తెల్లారి లేవనివాళ్ల వార్తలు చదువుతూనే ఉన్నాం. రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇరుకు గదుల్లో ఉండే మన పిల్లలకు ఈ సంగతి ఇంటి నుంచే ఒకటికి రెండు సార్లు చెప్పి పంపాలి.

హీటరు ఇచ్చినా, అది పెట్టుకోవడానికి నాలుగు గోడలు కావాలి. రేకు డబ్బాలాంటి గేటు గదిలో, తలుపు లేని చోట, హీటరు కూడా ఆ ఇనుప తట్టలాంటిదే. ఇటుక గోడ, గాలి దూరని తలుపు, చిన్న కిటికీ ఉన్న గది కడితే, కొద్దిపాటి కరెంటుతో రాత్రంతా గడుస్తుంది. పలకల పొయ్యి అయిదు వందల ఏళ్లుగా చెబుతున్న పాఠం అదే. ఇంధనం పెంచే ముందు వేడి నిలిచే చోటు కట్టు. ఆ లెక్క మన అపార్టుమెంట్లకూ వర్తిస్తుంది, మన ఊళ్ల బడి వంటశాలలకూ వర్తిస్తుంది.

ఆ రాత్రి తట్టలో నిప్పు నివురైపోయాక ముగ్గురు కాపలాదారులు తమ తమ గేట్ల దగ్గరికి వెళ్లిపోయారు. నాలుగో ఆయన పెద్దవాడు. కుర్చీ మడిచి పక్కన పెట్టి, తట్ట వెనకున్న ఇటుక గోడకు వీపు ఆనించి కిందే కూర్చున్నాడు. నేను చూస్తుంటే నవ్వి, “దీవార్ గరమ్ హై” అన్నాడు. నేనూ గోడ మీద చెయ్యి పెట్టాను. ఇటుకలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి.